ఫోర్‌మెన్ ఎలాంటోడో కూడా అడగండి

శ్రీకాకుళం జిల్లాలో మా కవిటి, సోంపేట, కంచిలి వైపు వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్‌కో సింగపూర్‌కో బయల్దేరే కుర్రాళ్లు, సెలవు మీద ఊరొచ్చిన మాలాంటివాళ్లని అడిగేది ఒకటే: "జీతమెంత బావూ, ఓటీ ఉంటాదా?" పైనుండి పని చేయించే ఫోర్‌మెన్ ఎలాంటోడని ఎవరూ అడగరు. ఆ ఓటీ (ఓవర్‌టైమ్) ఎవరికివ్వాలో రాసేది అతనే కదా, ముందు అడగాల్సింది అతని గురించే.

ఖతార్‌లో పైపింగ్ పనికి నా పైన ఉన్నాయన పొద్దున్నే అరుపులతో మొదలెట్టేవాడు. ఎదురు చెబితే ఆ వారం ఓటీ కట్, అంటే ఇంటికి పంపే డబ్బులకి కోత. పని జరిగేది, కాదనను, కానీ ఆయన కళ్లెదుట ఉన్నంతసేపే; పక్క లైనుకి వెళ్లగానే గ్రైండర్లు ఆగేవి. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, రూట్ (జాయింటు అడుగున వేసే మొదటి వెల్డు) సరిగా పడలేదని తెలిసినా ఎవరూ నోరు విప్పేవారు కాదు, పైన క్యాప్ (ఆఖరి పొర) అందంగా వేసి వదిలేసేవారు, తీరా ఎక్స్‌రేలో దొరికాక ఆ జాయింటు కోసి మళ్లీ చేయాల్సి వచ్చేది.

సింగపూర్ షిప్‌యార్డులో తమిళాయన వేరు. పని మొదలెట్టే ముందు పెట్టే టూల్‌బాక్స్ మీటింగ్‌లో పని చెప్పి, ఎక్కడ ఇబ్బందో మమ్మల్నే అడిగేవాడు. జాయింటులో గ్యాప్ ఎక్కువుందంటే తిట్టకుండా, ముక్కలు అమర్చే ఫిట్టర్‌ని పిలిచేవాడు. మొదట్లో మేం ఆయన్ని చేతకానివాడనుకున్నాం (మన దగ్గర మేస్త్రీ తిట్టకపోతే మేస్త్రీయే కాదుగా). కానీ ఆయన రాని రోజు కూడా పని అలాగే నడిచేది.

1939లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్, ఆయన తోటివాళ్లు అమెరికాలో పదేళ్ల పిల్లల క్లబ్బుల్లో ఇదే చూశారు. హుకుం చేసే నాయకుడు గది దాటితే పని పడిపోయింది, కలుపుకుపోయేవాడు లేకపోయినా సాగింది. అన్నీ వాళ్లకే వదిలేసినవాడి దగ్గర పని మరీ తక్కువ. ఈ మూడో రకానికి క్యాంపులో "మంచోడు" అని పేరొస్తుంది గానీ నాకు ఎక్కువ భయం అతనితోనే, హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు లేచే పనికిచ్చే అనుమతి కాగితం) మీద చూడకుండా సంతకం పెట్టేస్తాడు.

అలాగని ప్రతిదీ అడిగి చేయడమూ కుదరదు. ట్యాంకులో ఉండగా ఓసారి గ్యాస్ అలారం మోగితే ఆ తమిళాయన ఎవర్నీ ఏమీ అడగలేదు, ఒక్క కేక వేశాడు, అందరం చేతిలోవి పడేసి బయటికొచ్చేశాం. ఖతార్ ఆయన అరిచి ఉంటే, రోజూ ఉండేదేగా అని సగం మంది తలెత్తి కూడా చూసేవారు కాదు.