సెల్లార్‌లో అన్న మాట: ఎస్సీ ఎస్టీ కేసు పెట్టిన నా అనుభవం

"అప్పుడక్కడ ఎవరెవరున్నారమ్మా?" స్టేషన్‌లో రైటర్ ముందుగా అడిగింది ఇదే. నాకు ఒళ్లు మండింది. కానీ కేసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

ఎండాకాలం, బోరు అడుగంటింది. హైదరాబాద్‌లో సగం అపార్ట్‌మెంట్ల కథే. మేం డబ్బు కట్టి తెప్పించిన ట్యాంకర్ సంపులోకి నీళ్లు దింపుతుంటే రెండో అంతస్తాయన గొడవకు దిగాడు. మాటా మాటా పెరిగింది. సెల్లార్‌లో మా కులం పేరు పెట్టి తిట్టి, మాకు ఇల్లిచ్చినందుకు ఓనర్ని అనాలన్నాడు. మేం దిగిన కొత్తలో "మీరేమిట్లు?" అని మా అత్తమ్మని అడిగి మా కులం తెలుసుకున్నదీ ఈయనే.

మన చట్టాల్లో 'ద్వేష నేరం' అన్న పేరుతో విడిగా ఒక నేరం లేదు. మతాల మధ్య, వర్గాల మధ్య చిచ్చు పెడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. ఎస్సీ, ఎస్టీల మీద జరిగేవాటికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం. నాది అందులో 3(1)(ఆర్), 3(1)(ఎస్) కిందికి వచ్చింది. నలుగురూ చూసేలా కులం పేరుతో అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఆ 'నలుగురి' దగ్గరే చిక్కు. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు అన్నదానికి ఇవి వర్తించవని 2020లో సుప్రీంకోర్టు ఉత్తరాఖండ్ కేసులో చెప్పింది. లోపలే అయినా, బంధువులూ స్నేహితులూ కాని వాళ్లెవరైనా ఉంటే వర్తిస్తుందని 2008లోనే అన్నది.

సీఐ గారు మర్యాదగానే మాట్లాడారు. "ఒకే బిల్డింగ్‌లో ఉండేవాళ్లు, ముందు ఎంక్వైరీ చేద్దాం, పిలిపించి మాట్లాడదాం" అన్నారు. మా తమ్ముడు ఆర్టీసీ కండక్టర్, సంఘాల్లో తిరిగినవాడు. "సార్, 18ఎ ప్రకారం ఎఫ్ఐఆర్‌కి ముందు ఎంక్వైరీ అక్కర్లేదు కదా" అన్నాడు మెల్లగా. 2018లో పార్లమెంటు ఇదే అత్యాచారాల నిరోధక చట్టంలోకి తెచ్చిన సెక్షన్ అది. కేసు కట్టకుండా నిర్లక్ష్యం చేసే అధికారికి 4వ సెక్షన్ కింద శిక్ష ఉంటుందన్న మాట వాడు నోటితో అనలేదు. అవసరం రాలేదు.

రైటర్ "కులం పేరుతో దూషించెను" అని ఒక్క ముక్కలో తేల్చాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. "అక్కా, ఆయన ఏమన్నాడో అదే చెప్పు." ఆ మాట నేను నా నోటితో, తమ్ముడి ఎదుట, ముక్కూ మొహం తెలియని కానిస్టేబుళ్ల ఎదుట పలకాల్సి వచ్చింది. తిట్టించుకున్నప్పటికంటే అప్పుడే ఎక్కువ కుమిలిపోయాను. రాసింది చదివి వినిపించాకే సంతకం పెట్టాను. అది వాళ్లు చేసిన ఉపకారం కాదు, 4వ సెక్షన్ చెప్పే విధి. ఎఫ్ఐఆర్ కాపీ కూడా ఉచితంగా ఇవ్వాల్సిందే.

దర్యాప్తు ఏసీపీ గారిది. డీఎస్పీ స్థాయికి తగ్గనివారే చేయాలని నియమం. నా కుల ధ్రువీకరణ పత్రం ఇచ్చినా, ఇద్దరి కులాల గురించీ తహసీల్దార్లకు లేఖలు వెళ్లాయి. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదని తేలాలి మరి. "వాళ్ల కులం నాకు తెలియదు" అని ఆయన వాదించబోయాడు. మా కుటుంబంతో పరిచయం ఉన్నవాడైతే, కాదని రుజువైతే తప్ప, తెలిసినట్టే కోర్టు భావించాలని 8వ సెక్షన్‌లో ఉంది. అత్తమ్మ వాంగ్మూలం అక్కడ పనికొచ్చింది.

ఇక సాక్షులు. వాచ్‌మన్ భార్య అంతా విన్నది. "మేడం, మేముండేది ఆ గదిలోనే కదా" అంది. ఆమెను మళ్లీ అడగలేదు. పార్కింగ్‌లో ఉన్న ఇద్దరు ఓనర్లకు ఆ రోజు సంగతే గుర్తులేదట! సెల్లార్ కెమెరాలో మాటలు రికార్డు కావు, ఎవరెక్కడ నిలబడ్డారో మాత్రం తెలుస్తుంది. పాతదాని మీద కొత్తది పడిపోకముందే ఫుటేజీ తీసుకోమని రాసిచ్చాను. అందులో పైపు పట్టుకుని నిలబడి కనిపించాడు ట్యాంకర్ డ్రైవర్. మాకు చుట్టం కాదు, అసోసియేషన్‌కి జీతగాడూ కాదు. డబ్బులు ఫోన్‌పేలో కొట్టాం కాబట్టి నంబరు దొరికింది. "విన్నదే చెప్తా, ఎక్కువ చెప్పను" అన్నాడు. నాకు కావలసిందీ అంతే.

అట్రాసిటీ కేసంటే వెంటనే లోపలేస్తారని అందరూ అనుకుంటారు. మా విషయంలో ఆయనకు నోటీసే ఇచ్చారు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో జరిగేదదే. ఇప్పుడు ఛార్జిషీటు పడింది. అసోసియేషన్ పెద్దమనుషులు రాజీ అంటూ తిరుగుతున్నారు, ఇది రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో లేదని చెప్పి పంపుతున్నాను.

సమన్లు వస్తే డ్రైవర్ ఆ రోజు ట్రిప్పులు వదులుకుని రావాలి. సాక్షులకు ప్రయాణ ఖర్చు, దినభత్యం ఇవ్వాలని ఈ చట్టం నియమాల్లోనే, 11వ నియమంలో ఉంది. దాని కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టాను.