డీజిల్ ఇంజిన్ ఎక్కించడం తేలికే, ట్యాంకులో గొట్టమే ఏడిపించింది

నిన్న బండి సగం ట్యాంకుతో ఎత్తు రోడ్డు మొత్తం ఎక్కి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది. ఆ సంతోషం, దానికి ముందు పడ్డ కోపం రెండూ ఇంకా తగ్గకముందే రాసేస్తున్నాను. పాత పికప్‌లోకి డీజిల్ ఇంజిన్ ఎక్కించాలని చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, నేను పడ్డ తిప్పలు వాళ్లకు తప్పుతాయని ఆశ.

బండి 1976 ఫోర్డ్ ఎఫ్-100. అందులో ఉన్న 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ దించేసి, కమిన్స్ 4బీటీ ఎక్కించాను. 3.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టర్బో. బ్రెడ్డు సరఫరా చేసే వ్యాన్లలో ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్ ఇది. 105 హార్స్‌పవర్ అని వినగానే పెదవి విరిచేవాళ్లుంటారు. వాళ్లు టార్క్ (తిప్పే బలం) సంగతి చూడరు. సుమారు 360 న్యూటన్ మీటర్ల టార్క్, అదీ 1600 ఆర్‌పీఎమ్ దగ్గరే వస్తుంది. లోడు లాగే బండికి కావాల్సింది అదే. పైగా అంతా మెకానికల్. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. ఇంజిన్ ఆగకుండా నడవడానికి డీజిల్‌ని ప్రెషర్‌తో ఇంజిన్‌లోకి కొట్టే పంపు మీదున్న సొలెనాయిడ్‌కి (డీజిల్ దారి తెరిచి ఉంచే కరెంటు వాల్వు) ఒక్క 12 వోల్టుల వైరు చాలు.

ఇంజిన్ కూర్చోబెట్టడం అందరూ భయపెట్టినంత కష్టం కాదు. ఇంజిన్ కూర్చునే ఫౌండేషన్లు కొత్తగా వెల్డింగ్ చేయించాలి, ఆయిల్ ఛాంబర్ కింది క్రాస్ మెంబర్‌కి తగలకుండా చూసుకోవాలి, ముందు స్ప్రింగులు గట్టివి వేయాలి. బరువు దాదాపు 350 కిలోలు కాబట్టి చైన్ పుల్లీ మంచిది ఉండాలి. అంతే.

గేర్ల లెక్క మాత్రం ఇంజిన్ కొనకముందే కాగితం మీద వేసుకోండి. 4బీటీకి వేగం హద్దు దాటకుండా ఆపే గవర్నర్ ఉంటుంది, అది పెట్రోల్ ఇంజిన్‌లా 4000 దాకా తిరగదు. 29 అంగుళాల టైరుతో, 4.10 క్రౌన్‌తో (వెనక ఇరుసు గేరు నిష్పత్తి), డైరెక్ట్ గేరులో (గేర్‌బాక్సు వేగం మార్చని గేరు) గంటకు 100 కిలోమీటర్లు వెళ్లాలంటే ఇంజిన్ 2950 దాకా తిరగాలి. ఇంజిన్ అంతకు ఒప్పుకోదు, మీ చెవులూ ఒప్పుకోవు. నేను 3.50 క్రౌన్, ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ తక్కువ తిరిగినా బండి వేగంగా పోయే పై గేరు) ఉన్న అయిదు గేర్ల జెడ్‌ఎఫ్ గేర్‌బాక్సు పెట్టాను. అదే వేగానికి ఇప్పుడు 1900 చిల్లర. ఈ లెక్క ముందే వేసినందుకు నన్ను నేను మెచ్చుకుంటున్నాను. ఇది వేయకుండా ఇంజిన్ బిగించేసి, తర్వాత బండి పరుగెత్తడం లేదని అమ్ముకున్నవాళ్లను చూశాను.

బ్రేకుల విషయంలో ఎవరి మాటా వినకండి. పెట్రోల్ ఇంజిన్‌లో త్రాటిల్ (గాలి దారిని మూసే పలక) మూసుకున్నప్పుడు పుట్టే వాక్యూమ్‌తోనే, కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది. డీజిల్‌లో త్రాటిల్ లేదు, వాక్యూమ్ రాదు. పాత బూస్టర్ పైపు ఎక్కడో ఒకచోట తగిలించి "చూద్దాంలే" అనే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. వాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా పవర్ స్టీరింగ్ పంపు ప్రెషర్‌తో నడిచే హైడ్రాలిక్ బూస్టర్ పెట్టాలి. ముందుభాగంలో అంత బరువు పెంచి బ్రేకు తగ్గించడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే.

ఇక అసలు కథకు వస్తాను. మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉంది, బండి హాయిగా తిరిగింది. కొన్నాళ్లకి, నలుగురూ చూస్తుండగా, ఎత్తు రోడ్డు మధ్యలో పుల్లింగ్ తగ్గి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక బండ్లన్నీ హారన్లు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీదున్న చిన్న లీవరు చేత్తో కొట్టి, ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి ఎయిర్ తీస్తే మళ్లీ అందుకుంది. కాసేపటికి మళ్లీ అదే. చివరికి వేరే బండికి కట్టి లాక్కురావాల్సి వచ్చింది.

ఎక్కడా డీజిల్ కారడం లేదు. అన్ని జాయింట్లూ పొడిగా ఉన్నాయి. పైపులన్నీ కొత్తవి, ఫిల్టర్ కొత్తది, బాంజో బోల్టులకి కాపర్ వాషర్లు కొత్తవి. ట్యాంకు కడిగించి, లోపల లైటు వేసి చూసి మరీ బిగించాను. కొన్నిరోజులు ఏ గొడవా ఉండదు, ఉన్నట్టుండి మొదలవుతుంది. రాత్రి నిలబెడితే పొద్దున ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా లేవదు. ఆ టెన్షన్‌లో బండి తీసి ఎక్కడికైనా వెళ్లాలంటేనే మనసొప్పేది కాదు.

డీజిల్ పంపులు బాగుచేసే షాపుకి వెళ్లాను. అతను బండి దగ్గరికి రాలేదు, పంపుని టెస్ట్ బెంచీ మీద పెట్టలేదు. చెప్పింది విని, "పంపు లోపల అరిగిపోయింది, తీసుకురండి" అన్నాడు. ఆ పంపు తీయడం అంటే మాటలు కాదు. టైమింగ్ మార్కు పెట్టుకోవాలి, ముందు గేరు నట్టు విప్పాలి, షాఫ్టు మీదున్న చిన్న కీ జారి గేర్ కేసులో పడితే ముందు కవరంతా ఊడదీయాలి. అంత జాగ్రత్తగా తీసి ఇచ్చాను. డబ్బు తీసుకుని, సీళ్లు మార్చి, రంగు వేసి ఇచ్చాడు. బిగించాను. అదే జబ్బు.

మళ్లీ వెళ్లి చెబితే కౌంటర్ దగ్గర పదిమంది ముందు, "మా పని పర్ఫెక్ట్ అండీ. పెట్రోల్ బండికి డీజిల్ ఇంజిన్ బిగించడం అందరికీ చేతనయ్యే పని కాదు, ఇకనైనా తెలిసినవాళ్లకు అప్పగించండి" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. ప్రతి బోల్టూ నా చేత్తో బిగించిన బండి అది. ఏమీ అనకుండా వచ్చేశాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పని తెలిసిన మనిషి ముందు పరీక్షించి తర్వాత మాట్లాడతాడు. పరీక్షించకుండా తీర్పు చెప్పేవాడికి పంపు ఇవ్వొద్దని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

మర్నాడు ఒక డబ్బాలో డీజిల్ పోసి వెనక బాడీలో కట్టాను. ఫీడ్ పంపుకి వెళ్లే గొట్టం, రిటర్న్ గొట్టం రెండూ అందులో పెట్టి అదే ఎత్తు రోడ్డుకి తీసుకెళ్లాను. బండి ఊపిరి తీసుకోకుండా ఎక్కేసింది. అంటే ఇంజిన్ బాగుంది, పంపు బాగుంది, ఫీడ్ పంపూ బాగుంది. తప్పు ట్యాంకు వైపే.

తర్వాత లైను మళ్లీ ట్యాంకుకి కలిపి, ఫీడ్ పంపు ముందు జానెడు పారదర్శక గొట్టం వేశాను. ఇంజిన్ తిరుగుతుంటే లేత పసుపు డీజిల్‌లో ఆవగింజంత బుడగలు వరసగా పోతున్నాయి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్‌కి ముందుకి మార్చాను, బుడగలున్నాయి. చివరికి ట్యాంకు మూతి దగ్గరే పెట్టాను, అక్కడా ఉన్నాయి. అంటే గాలి లైనులో దూరడం లేదు, ట్యాంకు లోపలినుంచే వస్తోంది.

ట్యాంకు మీద లాక్ రింగు తిప్పి, ఫ్లోటుతో (డీజిల్ మట్టం చూపేది) సహా, డీజిల్ పైకి పీల్చే సక్షన్ గొట్టం బయటికి తీశాను. పైకి చూస్తే ఏ లోపమూ లేదు. కింది చివర వేలితో మూసి, బకెట్ నీళ్లలో ముంచి, పైనుంచి ఊదాను. ఫ్లోటు బ్రాకెట్ అతికించినచోట, దాదాపు మధ్యలో, సన్నగా బుడగలు లేచాయి. గుడ్డతో తుడిచి వేలు రాస్తే తప్ప తెలియని తుప్పు చుక్క, దాని మధ్య సూదిమొన పట్టేంత చిల్లు.

అప్పుడు అంతా అర్థమైంది. ట్యాంకు నిండుగా ఉంటే చిల్లు డీజిల్‌లో మునిగి ఉంటుంది, గొట్టం డీజిలే పీలుస్తుంది. మట్టం చిల్లు కిందికి దిగగానే డీజిల్‌తోపాటు గాలీ పీలుస్తుంది. సక్షన్ వైపు కాబట్టి ఒక్క చుక్క కూడా బయటికి కారదు. రాత్రి నిలబెడితే ఆ చిల్లులోంచి గాలి దూరి, లైన్లోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పెట్రోల్ ఇంజిన్ ఉన్నప్పుడు ఎందుకు తెలియలేదంటారా? కార్బురేటర్‌లో పెట్రోల్ గిన్నె ఉంటుంది, వచ్చిన గాలి అక్కడ పైకి తేలి పోతుంది. డీజిల్ పంపుకి ఆ వెసులుబాటు లేదు. డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవాలంటే 200 బార్లకు పైగా ప్రెషర్ కావాలి. లైన్లో గాలి ఉంటే అది నొక్కుకుపోతుందే తప్ప ప్రెషర్ రాదు.

కొత్త ఉక్కు గొట్టం వేయించాను. రిటర్న్ గొట్టాన్ని దానికి దూరంగా, ట్యాంకు అవతలి పక్కకి మార్చాను, నురగ మళ్లీ సక్షన్‌లోకి రాకుండా. జింకు పూత ఉన్న గొట్టాలు మాత్రం డీజిల్‌కి వాడకండి, అది జింకుతో కలిసి జిగురులా తయారై ఫిల్టర్‌ని, నాజిళ్లని పట్టేస్తుంది. ఎయిర్ తీసేటప్పుడు ఇంజెక్టర్ నట్టు దగ్గర వేలు పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అది పెద్ద ఆపరేషన్ దాకా తీసుకెళ్లే గాయం.

పాత గొట్టం ఆ షాపుకి తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టి, చిల్లు చూపించాను. "అవునా" అన్నాడు. డబ్బు సంగతి ఎత్తితే లోపలికి వెళ్లిపోయాడు. సీళ్ల ఖర్చు ఉంచుకో, చేయని రిపేరు డబ్బు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను, ఇంకా జవాబు లేదు. వదలను.

బండికి మిగిలిన పని ఆర్‌పీఎమ్ మీటరే. ఇగ్నిషన్ కాయిల్ లేదు కాబట్టి పాత మీటరు పనిచేయదు. ఆల్టర్నేటర్ డబ్ల్యూ టెర్మినల్ నుంచి సిగ్నల్ తీసుకునే డీజిల్ మీటరు పెడుతున్నాను. వైరు లాగేశాను, పుల్లీ నిష్పత్తి చూసి సెట్ చేయాలి.