వాయిదా పడ్డ జీతం

ప్రభుత్వోద్యోగుల పింఛన్ల మీద చర్చ మొదలైనప్పుడల్లా ‘ఖజానాకు భారం’ అన్న మాటే ముందుగా వినిపించడం నన్ను బాధిస్తుంది. నా దృష్టిలో పింఛను వాయిదా పడ్డ జీతం. రాత్రి విధుల్లో రోగి నాడి పట్టుకుని కూర్చున్న నర్సు, జీతపు చీటీలో కోతల వరుస చూసుకుంటూ కూడా ఆ ఉద్యోగంలోనే కొనసాగింది మలివయసుకు భరోసా ఉందన్న నమ్మకంతోనే.

అయితే లెక్కను కాదనలేం. 1889లో జర్మనీ వృద్ధాప్య బీమా చట్టం తెచ్చినప్పుడు పింఛను వయసు 70 ఏళ్లు; అంతవరకు బతికేవారే తక్కువ. ఇప్పుడు 25వ ఏట చేరి, 60వ ఏట విరమించి, 85 ఏళ్లు జీవించే వ్యక్తికి 35 ఏళ్ల సేవకు ప్రతిగా 25 ఏళ్లు పింఛను చెల్లించాలి. విడిగా నిధి లేని చోట ఈనాటి పన్నులే నిన్నటి ఉద్యోగులకు వెళతాయి కనుక, పనిచేసేవారి సంఖ్య తగ్గేకొద్దీ అదే డబ్బు కోసం బడీ ఆసుపత్రీ కూడా ఎదురుచూడవలసి వస్తుంది. పింఛను కోసం ఉద్యోగి, ప్రభుత్వం కట్టే చందాలను మార్కెట్లో పెట్టే పద్ధతికి మారితే నష్టభయం ఉద్యోగి నెత్తిన పడుతుంది. పైగా మారే కాలంలో పాతవారి పింఛన్లు, కొత్తవారి చందాల్లో తన వాటా రెండూ ప్రభుత్వమే కట్టాలి. పొదుపు గురించి మాట్లాడేవారు ఈ సంగతి తరచు మరిచిపోతారు.

కొత్తగా చేరేవారికి నిబంధనలు ముందే చెప్పి మార్చవచ్చు. 30 ఏళ్లు పనిచేసినవారికి మాత్రం ఇచ్చిన మాట మధ్యలో తప్పకూడదు. ఆ లోటును మళ్లీ సంపాదించి పూడ్చుకునే వయసు వారికి మిగిలి ఉండదు.