జబ్బు కాదట, అలవాటేనట

మందుల షాపుకు రెండు రకాల జనం వస్తారు. డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవాళ్లు ఒక రకం. "ఇదిగో, ఇక్కడ ఇలా ఉందమ్మా, ఏదైనా మాత్ర ఇవ్వు" అనేవాళ్లు రెండో రకం. హైదరాబాదు నల్లకుంటలో మా షాపుకు రెండో రకమే ఎక్కువ. నేను ఫార్మసీ చదువుకున్నదాన్ని, డాక్టరును కాను. ఎవరికీ జబ్బు పేరు తేల్చి చెప్పను. అయితే ఒకే వీధి మనుషులను ఏళ్ల తరబడి గల్లాపెట్టె వెనక నుంచి చూస్తుంటే ఒక సంగతి అర్థమవుతుంది. వచ్చి చెప్పుకునే బాధ ఒకటి ఉంటుంది, దాని పక్కనే చెప్పనక్కర్లేదని వదిలేసింది ఇంకొకటి ఉంటుంది. చాలాసార్లు ఆ వదిలేసిందే పనికొస్తుంది. దాహం ఎక్కువైతే ఎండలు మండుతున్నాయంటారు. రాత్రి పదేపదే లేస్తే వయసంటారు. గురకను గాఢనిద్ర అంటారు, గుండెనొప్పిని గ్యాస్ అంటారు. జబ్బుకు ఇన్ని మారుపేర్లు పెట్టుకున్న ఊరు ఇంకోటి ఉండదేమో.

పక్క వీధిలో ట్యూషన్లు చెప్పే టీచరమ్మ ఒకామె నెలనెలా జుట్టు రాలకుండా ఏదో ఒకటి కొనుక్కుపోయేది. ఓసారి నూనె, ఓసారి షాంపూ, టీవీలో ప్రకటన చూస్తే బయోటిన్ మాత్రలు. ఒక సాయంత్రం కూతురిని వెంట తెచ్చింది. నేను బిల్లు రాస్తుంటే ఆ పిల్ల చాడీ చెప్పింది: "ఆంటీ, మా అమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి బియ్యం తినేస్తుంది. నన్ను మాత్రం తిననివ్వదు." టీచరమ్మ సిగ్గుపడి నవ్వింది. "చిన్నప్పటి అలవాటండీ, నోట్లో పడకపోతే తోచదు" అంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగాను. మూడో అంతస్తు కదా, వస్తుంది అంది. నెలసరి ఎలా ఉంటుందని గొంతు తగ్గించి అడిగాను. ఎనిమిది రోజులట, అదీ చిన్నప్పటి నుంచీ అంతేనట. షాపు అద్దంలో కింది కనురెప్ప లాగి చూసుకోమన్నాను. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది. గర్భిణులు కాని స్త్రీలకు 12 కంటే తక్కువ ఉంటేనే రక్తహీనత అంటారు.

పచ్చి బియ్యం, సుద్దముక్కలు, బలపాలు, మట్టి, ఫ్రిజ్‌లోని మంచుముక్కలు, వీటి మీదికి మనసు పోతోందంటే చాలామందిలో ఒంట్లో ఇనుము తగ్గిందని అర్థం. ఇనుము నిండాక ఆ కోరిక దానంతటదే పోతుంది. బియ్యం తింటే రక్తం తగ్గుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆడపిల్లల్ని తిట్టేవారు. వాళ్లు చూసింది నిజమే కానీ వరస తారుమారు చేశారు: రక్తం తగ్గడం ముందు, బియ్యం మీద ఆశ తరవాత. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచీ ఉంది. అయినా ఆ చుట్టుపక్కల ఇళ్లలో కూడా అన్నం తిన్న చెయ్యి ఆరకముందే టీ తాగుతారు. టీ ఆ అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగమంటే నన్ను శత్రువును చూసినట్టు చూస్తారు. ఐరన్ మాత్రలతో ఇంకో తంటా ఉంది. విరేచనం నల్లగా వస్తుంది. దానికి భయపడి వారంలో మానేసేవాళ్లే ఎక్కువ. అది మందు రంగే, భయం లేదు. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా డాక్టర్లు మరో రెండు మూడు నెలలు కొనసాగించమంటారు, ఒంట్లో నిల్వ నిండాలి కాబట్టి. టీచరమ్మకు డాక్టరు ముందు ఆ ఎనిమిది రోజుల సంగతి చూశారు. అక్కడ కారుతున్నంత కాలం మాత్రలు మింగి ఏం లాభం?

ఇప్పుడు దగ్గు సంగతి. దగ్గు మందు కోసం వచ్చేవాళ్లను నేను తేలిగ్గా వదలను. ఆర్టీసీలో రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాను. కొన్ని నెలలపాటు సీసా తరవాత సీసా తీసుకెళ్లారు. గొంతులో గరగర, పొడిదగ్గు, కఫం లేదు, జ్వరం లేదు. నేరం మొదట మెట్రో పనుల దుమ్ము మీద వేశారు, తరవాత కోడలు వెలిగించే అగరుబత్తుల మీద. ఒకరోజు దగ్గు మందుతో పాటు బీపీ మాత్రలు కూడా అడిగారు. మామూలుగా ఆ మాత్రలు ఆయన కొడుకు వేరే చోట తెస్తాడు. షీటు మీద చూస్తే రామిప్రిల్. ఆ జాతి మందులు, పేరు చివర 'ప్రిల్' అని ఉండేవి, కొంతమందికి సరిగ్గా ఇలాంటి పొడిదగ్గే తెస్తాయి. మొదలుపెట్టిన కొన్ని నెలలకు కూడా రావచ్చు. "బాబాయ్, ఈ మాత్ర మీరు మానకండి, కానీ ఈ షీటు తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించి దగ్గు సంగతి చెప్పండి" అన్నాను. డాక్టరు వేరే జాతి బీపీ మందు రాశారు. కొన్ని వారాలకు దగ్గు పోయింది, నాకు సీసాల బేరమూ పోయింది. అగరుబత్తులు ఇప్పటికీ వెలుగుతున్నాయి.

అదే విధంగా అమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు వాడేవాళ్లు కొందరు సాయంత్రానికి చీలమండలు వాచాయని, చెప్పులు బిగుతయ్యాయని వస్తారు. అది మందు వల్ల కావచ్చు, గుండె, మూత్రపిండాల వల్లా కావచ్చు. తేల్చాల్సింది డాక్టరే. మందు తెచ్చిన బాధకు ఇంకో మందు కొనేముందు మాత్రం ఒక్కసారి ఆగి చూడాలి. ఇక దగ్గు రెండు వారాలు దాటి, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతూ, రాత్రి చెమటలు పట్టి, బట్టలు వదులవుతుంటే ఎవరికీ సీసా అమ్మను. కఫం పరీక్షకు పంపుతాను. టీబీకి పరీక్షా, మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే.

బట్టలు వదులవడం అనగానే షుగరు గుర్తొస్తుంది. పెళ్లిళ్లలో చూడండి, ఎవరైనా కాస్త తగ్గి కనబడితే చుట్టూ చేరి "ఏం చేశావు, ఏ డైటు?" అని అడుగుతారు. ఏమీ చేయకుండా తగ్గితే అడగాల్సిన ప్రశ్న అది కాదు. మా షాపులో షుగరు ఆనవాళ్లు వింత వస్తువుల్లో కనబడతాయి. తొడల మధ్య దురదకు పూసే క్రీము ఒకే మనిషి మళ్లీమళ్లీ కొంటాడు, అదీ పేపర్లో చుట్టి ఇమ్మంటాడు. కాలి వేలి పుండుకు పౌడరు అడిగినవాడే మూడు వారాలకు మళ్లీ అదే అడుగుతాడు. కళ్లజోడు మార్చి ఆరు నెలలు కాలేదు, మళ్లీ మసకగా ఉందంటాడు. మెడ వెనక నల్లటి పట్టీని మురికనుకుని పిల్లవాడిని పీచుతో రుద్దే తల్లులున్నారు. ఒళ్లు చేసిన పిల్లల్లో అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు, సబ్బుకు పోదు. పరగడుపున 126 మిల్లీగ్రాములు, అంతకు మించి రెండుసార్లు వస్తే షుగరు ఉన్నట్టే. 100 నుంచి 125 అంటే గడప దగ్గర నిలబడినట్టు. రోజుకు అయిదారు ఇరానీ చాయ్‌లు తాగేవాళ్లు అన్నం మానేసి గొప్పగా చెప్పుకుంటారు, కప్పులోని చక్కెర లెక్కలోకి రాదు.

ఇంకొకటి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర మింగే అలవాటున్నవాళ్లకూ అంతే. అరికాళ్లలో తిమ్మిర్లు, నోట్లో పుండ్లు, మతిమరుపు. తిమ్మిర్లన్నీ షుగరు ఖాతాలోనే వేసేస్తారు కాబట్టి ఇది దొరకదు. శాకాహారులైతే మరీ అడిగి పరీక్ష చేయించుకోవాలి.

వానలు మొదలయ్యాక మా పేటలో జ్వరాల కాలం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లోనే. మా దగ్గరి ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు, పాతవాళ్లు మాత్రం కోరంటి దవాఖానా అనే అంటారు. అంత చరిత్ర ఉన్న చోట కూడా ఏ జ్వరమైనా "వైరల్ అండీ" అంటూ వస్తారు. నేను అడిగేది రెండే: ఎన్నో రోజు, ఎలా వస్తోంది? దుప్పట్లు ఎన్ని కప్పినా ఆగని వణుకు, ఆ తరవాత ఒళ్లు కాలడం, ఆ తరవాత చెమటలు పట్టి చల్లబడటం, రోజు విడిచి రోజు అదే తంతు అయితే మలేరియా పరీక్ష చేయించాలి. రోజురోజుకూ మెట్టు మెట్టుగా పెరుగుతూ, నాలుక మీద తెల్లటి పూత, కడుపులో నొప్పి ఉంటే టైఫాయిడ్ అనుమానం. ఒక్కసారిగా ఎగబాకి, కనుగుడ్ల వెనక నొప్పి, ఎముకలు విరుస్తున్నట్టు నొప్పులు ఉంటే డెంగ్యూ కావచ్చు.

డెంగ్యూలో జనం పొరబడే చోటు ఒకటుంది. మూడో రోజో, అయిదో రోజో జ్వరం దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మనిషి మగతగానో అసహనంగానో ఉండటం, వీటిలో ఏది కనబడినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మనవాళ్లు ఇవేవీ చూడరు. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని, ఎవరి పెరట్లో బొప్పాయి చెట్టుందా అని వీధంతా తిరుగుతారు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడుగుతారు. జ్వరం ఉందని తెలిస్తే నేను ఇవ్వను. డెంగ్యూ అయితే అవి రక్తస్రావం పెంచుతాయి. పారాసిటమాల్ తీసుకెళ్లమంటాను. అలిగి ఎదురు షాపుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు.

కామెర్ల ఆనవాలు ఒకటి నాకు చాలా ఇష్టం. కళ్లు పచ్చబడటానికి ముందే కొందరు సిగరెట్ ప్రియులకు సిగరెట్ వాసనంటే రోత పుడుతుంది. పోపు వాసనకు వాంతి వస్తుంది. "మా ఆయన మానేశాడు వదినా, దేవుడు చల్లగా చూశాడు" అని మొక్కు తీర్చుకోబోతున్న ఒకావిడను మూత్రం ఏ రంగులో వస్తోందో అడిగి రమ్మన్నాను. డికాక్షన్ రంగట. వీధి పానీపూరీ నీళ్లతో వచ్చే ఈ రకం కామెర్లు చాలావరకు విశ్రాంతితో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు వైద్యానికి అంత పేరు రావడానికి కారణం అదే. గర్భిణికి వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచకూడదు.

ఇక గ్యాస్. డిసెంబరు రాత్రి, షట్టరు దించబోతుంటే టిఫిన్ సెంటరు అన్న వచ్చి గ్యాస్ పొడి పొట్లం, గ్లాసు నీళ్లు అడిగాడు. గుండెల మీద ఏదో కూర్చున్నట్టుందట, మధ్యాహ్నం తిన్న మిర్చి బజ్జీ అరగలేదట. ఆ చలిలో అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. మాట్లాడుతూనే ఎడమ దవడ నొక్కుకుంటున్నాడు. పొట్లం ఇవ్వకుండా కుర్చీ వేసి 108కు ఫోను చేశాను. ఆ అంబులెన్సులు మొదలైందే మన హైదరాబాదులో, 2005లో. అయినా ఆటోలో వెళ్లిపోతానంటూ అతను లేవబోయాడు. ఈసీజీలో గుండెపోటని తేలింది, స్టెంటు వేశారు. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు ఈ నొప్పి కూడా లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, చెమటలతోనే రావచ్చు. నడిస్తే పెరిగి, కూర్చుంటే తగ్గే ఛాతీ బరువును గ్యాస్ అని నమ్మకండి.

గురక, పగటి కునుకు, పొద్దున్నే తలనొప్పి, మందులకు లొంగని బీపీ కలిసి ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకోవాలి. పక్కన పడుకునే మనిషిని అడిగితే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఫ్యాను కింద అందరికీ ఉక్కపోస్తుంటే తనొక్కతే శాలువా కప్పుకుని, మలబద్ధకంతో, ఉబ్బిన ముఖంతో ఉండే అత్తయ్యలకు థైరాయిడ్ పరీక్ష చేయించండి, బద్ధకమని దెప్పేముందు.

మా దగ్గరికి వచ్చేవాళ్లకు పాత బిల్లు వెనక నాలుగు ముక్కలు రాసిస్తుంటాను: ఎప్పుడు మొదలైంది, ఏ వేళకు ఎక్కువ, ఇంకే మందులు వాడుతున్నారు, తిండిలో నిద్రలో ఏం మారింది. డాక్టరు గదిలో అడుగు పెట్టగానే అన్నీ మరిచిపోతారు కాబట్టి ఆ కాగితం చూపిస్తే చాలు. పరగడుపు రక్తపరీక్ష అంటే రాత్రి భోజనం తరవాత ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలని కూడా రాస్తాను. "టీ తాగొచ్చు కదమ్మా?" అంటారు. వద్దంటాను. "చక్కెర వేయని టీ?" అంటారు. అదీ వద్దు. మంచినీళ్లు తాగి వెళ్లండి.