ఎనిమిదిన్నరకి వాన లెక్క

విశాఖకి వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. ఇక్కడి గాలి నాకింకా అలవాటు కాలేదు. రాత్రి ఉతికి ఆరేసిన చున్నీ తెల్లారినా తడిగానే ఉంటోంది, అదే మా అనంతపురంలో అయితే గంటలో పెళపెళలాడిపోయేది.

వాతావరణ శాఖలో ఇంటర్న్‌షిప్ అంటే కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూడటమే అనుకుని వచ్చాను. మొదటి మూడు రోజులూ గేటు పాసు, సంతకాలు, ఫైళ్లతోనే అయిపోయాయి. ఇవాళే మొదటిసారి సార్ నన్ను బయట పచ్చికలో ఉన్న తెల్ల చెక్కపెట్టె దగ్గరికి తీసుకెళ్లారు. స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు, తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, చదివేటప్పుడు ఎండ లోపల పడకూడదని. అందులో ఒక థర్మామీటరు మామూలుది, ఇంకోదాని కొసకి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, రెండింటికీ తేడా ఎంత ఎక్కువుంటే గాలి అంత పొడిగా ఉన్నట్టు. ఇవాళ ఆ తేడా మూడు డిగ్రీలు కూడా లేదు. నా చున్నీ ఎందుకు ఆరడం లేదో అక్కడే తెలిసిపోయింది!

తర్వాత ఆకాశం చూపించి "ఎనిమిది భాగాలనుకో అమ్మా, ఎన్నింట్లో మబ్బుంది?" అన్నారు. నేను ఐదన్నాను, ఆయన ఆరు రాశారు.

అసలు సంగతి వానది. నిన్న సాయంత్రం ఓ జల్లు పడింది కదా, అది ఇవాళ్టి తేదీ కింద లెక్కకొస్తుందట, ఎందుకంటే దేశమంతా ఉదయం ఎనిమిదిన్నరకే గడిచిన 24 గంటల వాన కొలుస్తారు. వానమాపకంలో పడిన నీళ్లు కొలత గ్లాసులో పోసి, నిలబడే చూసి 8.6 మిల్లీమీటర్లు అన్నాను. సార్ ఏమీ అనలేదు, కిందికి వంగి చూడమన్నారు. కళ్లు నీటి మట్టానికి తెచ్చి, నీటి వంపు అడుగున ఏ గీత ఉందో చూస్తే 8.2. నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైమాటే, అంటే నా తొందరపాటుతో ఎకరాకు 1,600 లీటర్లు పడని వానని పడినట్టు రాసేదాన్ని. కరువు జిల్లాలో పుట్టినదాన్ని, ఆ పని నేను చేయకూడదు.

0.1 మిల్లీమీటరుకి కూడా రాకపోతే 'ట్రేస్' అని రాస్తారట. కొలతకి అందని వానకి కూడా రిజిస్టర్లో చోటుందని విన్నప్పుడు గొంతు పట్టేసినట్టయింది. మా ఊళ్లో ఎన్ని జూన్‌లు అలాంటి నాలుగు చినుకులతోనే పోయాయో.

సాయంత్రం హాస్టల్లో వంట చేసే అక్క, వాళ్లది పెదజాలరిపేట, నేను పనిచేసేది ఎక్కడో విని గరిటె పక్కన పెట్టేసింది. "హుద్‌హుద్‌కి ముందే సెప్పారు కదమ్మా, మావోళ్లు ఎవ్వరూ వేటకి ఎల్లలేదు" అంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు నేనింకా బడి పిల్లని, టీవీలో చూసి మర్చిపోయాను. ఆ హెచ్చరిక నమ్మే పడవలు ఒడ్డున ఉంచుకున్న మనిషి ఇప్పుడు నాకు అన్నం వడ్డిస్తోంది.

తొమ్మిదికి నాయన ఫోన్ చేసినాడు. మా దిక్కు కూడా నిన్న వాన పడిందంట. ఎంత పడింది నాయనా అంటే "పదునైతే కాలేదు పాపా, బొటనవేలితో తోడి చూస్తే కింద పొడిగానే ఉంది" అన్నాడు. శనక్కాయ విత్తనం ఇంట్లో మూటల్లోనే ఉంది. ఆయన కొలత ఆయనది, అది ఏ గ్లాసుకీ తక్కువ కాదు, తడి ఎంత లోతుకి దిగిందో మా గ్లాసు చెప్పలేదు కూడా. అయినా అడిగాను, అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉండే డబ్బా ఏదైనా ఉంటే చేను మధ్యలో పెట్టమని, చెట్టు కిందా చూరు కిందా వద్దని, పొద్దున్నే స్కేలుతో చూడమని.

"ఎన్ని గంటలకి చూడాల?" అన్నాడు.

ఎనిమిదిన్నరకి అని చెప్పాను.