ఉగాది దుక్కులకు పాత ట్రాక్టరు

గుంటూరు చుట్టుపక్కల నాలుగైదెకరాల కమతాల్లో మాసీ 1035లు, మహీంద్రా బీ-275లు, పాత స్వరాజ్ 735లు ఇంకా దున్నుతూనే ఉన్నాయి. అన్నీ 35, 40 హార్స్‌పవర్ బళ్లు. మిరప ఆఖరి కోత అయ్యి, మాగాణిలో మినుము ఇంటికొచ్చి, పత్తి కట్టె తీసేశాక చేసే వేసవి పనులకు ఈ బలం చాలు. ఎండాకాలంలో వీటి ప్రాణం తీసేవి మూడే: దుమ్ము, వేడి, మోయలేని బరువు. ఈ మూడింటినీ కాచుకుంటే 30, 40 ఏళ్ల బండిని నమ్ముకుని దుక్కిలోకి దిగొచ్చు.

దుమ్ముతో మొదలుపెడదాం. ఈ బళ్లకు ఉండేది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. కింది గిన్నెలో గుర్తు వరకు ఇంజిన్ ఆయిల్ ఉంటుంది, లోపలికొచ్చే గాలిలోని దుమ్ము దానికి అంటుకుని గిన్నె అడుక్కి చేరుతుంది. నల్లరేగడి దుమ్ము పిండికన్నా మెత్తన. వేసవి దుక్కుల్లో ఏ రోజుకారోజు గిన్నె విప్పి చూడాల్సిందే. ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడినా, అడుగున బురద అరంగుళం పేరుకున్నా పారబోసి, డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోయాలి. గుర్తు దాటి మాత్రం పోయకండి. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజిన్ పీల్చుకుని మండించుకుంటుంది, రేసు దానంతటదే పెరిగిపోతుంది. అప్పుడు స్టాప్ నాబ్ లాగినా ఆగదు, ఎందుకంటే నాబ్ ఆపేది డీజిల్‌ను మాత్రమే.

క్లీనర్ నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని చాలామంది పట్టించుకోరు. అది పగిలిందంటే గిన్నెలో ఎంత మంచి ఆయిల్ ఉన్నా లాభం లేదు, దుమ్ము నేరుగా ఇంజిన్ సిలిండర్ బోర్లోకి పోతుంది. ఇంజిన్ స్లోలో ఉండగా గాలి పీల్చే నోటికి నున్నటి చెక్క పలక అడ్డం పెట్టండి. కొన్ని క్షణాల్లో ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తుంటే ఎక్కడో దొంగగాలి లాగుతోందన్నమాట. గొట్టం, క్లిప్పుల ఖర్చుకు చూసుకుంటే ఆనక రింగులు, లైనర్లు మార్చుకోవాల్సి వస్తుంది.

నెలల తరబడి షెడ్డులో నిలిచిన బండి స్టార్ట్ కాకపోతే ముందు డీజిల్ లైన్లో గాలి పట్టిందేమో చూడాలి. ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పి నీళ్లు, మడ్డి దింపేసి, ఫిల్టర్లు మార్చాక గాలి తీయడం తప్పదు. మొదటి ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి ఫీడ్ పంపు చేతి లివర్ కొడుతూ ఉండండి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత తెగకుండా తేట డీజిల్. లివర్ ఇంకా కొడుతుండగానే స్క్రూ బిగించాలి. రెండో ఫిల్టర్‌కూ, ఆపైన నాజిల్స్‌కు డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు మీది స్క్రూలకూ ఇదే వరస. చివరగా నాజిల్స్ దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్ముతుంది, అప్పుడు బిగించేయాలి. చిమ్మే చోట వేలు పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. చేతి లివర్ బరువు తెలియకుండా ఊరికే ఊగుతోందా? ఫీడ్ పంపు పోయిందని విప్పకండి. దాన్ని ఆడించే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజిన్ కొంచెం తిప్పితే లివర్‌కు పట్టు దొరుకుతుంది.

డిప్‌స్టిక్‌లో ఆయిల్ మట్టం పెరిగితే సంతోషపడకండి. వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు లోపలి పొర (డయాఫ్రం) చిరిగి డీజిల్ ఇంజిన్ కింది ఆయిల్ సంపులోకి దిగుతోంది. ఆ పల్చటి ఆయిల్‌తో నాలుగు రోజులు దున్నితే బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్ మార్పు మామూలుగా 250 గంటలకోసారి. పాత బళ్లలో గంటల మీటరు పనిచేసేది తక్కువ కాబట్టి డీజిల్‌తో లెక్క కట్టుకోవచ్చు. పొలం పనిలో గంటకు మూడున్నర లీటర్లు అనుకుంటే 875 లీటర్లు తాగేసరికి ఆయిల్ మార్పు వచ్చినట్టే. డీజిల్ రసీదులు ఒక కవరులో వేసుకుంటూ పోతే లెక్క తప్పదు.

ఇక వేడి. రేడియేటర్ రెక్కల్లో పత్తి నూగు, ఆకుల పొడి ఇరుక్కుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. ఉప్పుబోరు నీళ్లు పోస్తే లోపల గార కడుతుంది, వాన నీళ్లో ఫిల్టర్ నీళ్లో పోయండి. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. వేడెక్కుతోందని కొందరు మెకానిక్కులు నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. ఇది నాకు అస్సలు నచ్చని పని. ఇంజిన్ కాగాల్సినంత కాగదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. నీళ్లు మరిగితే ఇంజిన్ రెండు నిమిషాలు స్లోలో పెట్టి ఆపండి, చల్లారేదాకా మూత తీయొద్దు. కాగిన ఇంజిన్లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది. తెల్లారగట్ల నుంచి పదింటి దాకా, మళ్లీ నాలుగింటి తర్వాత దున్నితే బండికీ మంచిది, తోలే మనిషికీ మంచిది.

దుక్కిలో బరువు గురించి. మిరప తీసిన నల్లరేగడి బిర్రబిగిసి నెర్రెలిచ్చి ఉంటుంది. పొడి నేలలో తొమ్మిది చెక్కల గొర్రు (కల్టివేటర్) దింపి ఒక్కసారే లోతు తీయాలనుకుంటే 35 హార్స్‌పవర్ బండి ఈడ్వలేదు. ఒక వేసవి జల్లు పడనివ్వండి. పిడికెడు మట్టి ఉండచేసి రొమ్ము ఎత్తు నుంచి వదలాలి. పడ్డాక విరిగి విడిపోతే పదును కుదిరింది, చదునై అతుక్కుంటే ఇంకా రెండు రోజులు ఆగాలి. గొర్రుకు రెండు చెక్కలు విప్పేసి ఏడుతో మొదటి సాలు మూడు నాలుగంగుళాలు, రెండోది దానికి అడ్డంగా ఐదారంగుళాలు తోలండి. వాలు ఉన్న చేనైతే ఆఖరి సాలు వాలుకు అడ్డంగా రావాలి, వాన నీళ్లు చేలోనే ఇంకుతాయి. తుంగ గడ్డలు, పత్తి గులాబీ రంగు పురుగు కోశాలు పైకి తేలి ఎండకు చస్తాయి. వేసవి దుక్కి అసలు ఫలం అదే.

బరువు ఎక్కువైందా అన్నది వెనక టైరు అచ్చు చెబుతుంది. టైరు గట్ల (లగ్గుల) గుర్తులు మట్టిలో అచ్చు గుద్దినట్టు ఉంటే బండి తేలిగ్గా వెళ్తోంది, అవసరమైతే ఇంకాస్త దించొచ్చు. అంచులు కొంచెం చెదిరి నడుమ అచ్చు నిలిస్తే సరిగ్గా ఉంది. గుర్తులే లేకుండా మట్టి నలిగిపోయి ఉంటే చక్రం తిరుగుతోంది గానీ బండి కదలడం లేదు. ఒక చెక్క విప్పండి, లేదా లోతు తగ్గించండి. నల్ల పొగ తగ్గకుండా వస్తున్నా అంతే. ఇంజెక్షన్ పంపు మీద సీలు తెంపి డీజిల్ పెంచుతామనే వాళ్ల మాట వినొద్దు, పికప్ నాలుగు రోజులు, ఆ తర్వాత హెడ్డు ఖర్చు. పంపు పని టెస్ట్ బెంచి ఉన్న చోటే చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి షాపులు ఉన్నాయి. పాత పార్టు చేత్తో పట్టుకెళ్తే దొరకని బుష్షులు లేతు మీద చేసిస్తారు కూడా.

గొర్రు ఎత్తి పట్టినప్పుడు లిఫ్ట్ ఎక్కిళ్లు పెడుతున్నట్టు ఊగితే లోపల సిలిండర్ దగ్గరో వాల్వు దగ్గరో ఆయిల్ కారుతోంది. గేర్‌బాక్సు, లిఫ్ట్‌ల ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. చాలాసార్లు గేర్ లివర్ కింద చిరిగిన రబ్బరు తొడుగు నుంచే వాన నీరు దిగుతుంది.

మిరప టిక్కీలు (బస్తాలు) ట్రాక్టరు వెనక ట్రక్కులో వేసి యార్డుకు తోలేటప్పుడు రెండు బ్రేకు పెడల్స్‌కూ కొక్కెం తగిలించాలి. తగిలించకుండా రోడ్డు మీద ఒక్క పెడల్ తొక్కితే బండి ఆ పక్కకే తిరిగి పల్టీ కొడుతుంది. ఈ పాత బళ్లకు తలపైన రక్షణ కమ్మీ కూడా ఉండదు. వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్ట్ తిరుగుతుంటే లుంగీ, తువ్వాలు వేసుకున్నవాళ్లు దాని దరిదాపుల్లోకి రాకూడదు.

జూన్‌లో కాలవ నీళ్లొచ్చి దమ్ముకు దిగేటప్పుడు క్లచ్ హౌసింగ్ కింది రంధ్రానికి ప్లగ్గు బిగించండి, లేకపోతే బురద నీరు క్లచ్ ప్లేటుకు చేరుతుంది. దమ్ము అయిన రోజే ఆ ప్లగ్గు తీసేయాలి. ఆయిల్ సీలు కారుతుంటే మనకు తెలిసేది ఆ రంధ్రంలోంచి పడే చుక్క వల్లే.