నీడకు జీతం

రోహిణి కార్తె వచ్చి మూడు రోజులైంది. రోళ్లు పగిలే ఎండలని అమ్మ అనేది. హైదరాబాద్ బస్సు తెల్లవారుజామున పండిట్ నెహ్రూ బస్టాండులో ఆగేసరికే విజయవాడ గాలి వేడెక్కి ఉంది. నా సంచిలో నాన్న పేరున తీసిపెట్టిన 60 వేల రూపాయలు ఉన్నాయి. నాన్న ఇక్కడి కాలువల మీద లస్కరుగా పనిచేశారు. షట్టర్లు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. గట్టు మీద కానుగ మొక్కలు నాటి పెంచడం మాత్రం ఎవరూ చెప్పకుండా ఆయన పెట్టుకున్న పని. ఆయన పోయి ఈ ఏటికి 10 ఏళ్లు. అజిత్‌సింగ్‌నగర్‌లో మా పెద్దమ్మ కూతురు ఉండే వీధి పార్కులో నాలుగు సిమెంటు బల్లలు వేయించి, వాటి మీద ఆయన పేరు రాయిద్దామని బయలుదేరాను.

నేరుగా అక్క ఇంటికి వెళ్లలేదు. బస్టాండును ఆనుకునే కృష్ణలంక ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లినప్పుడు ఈ లంకను కాపాడిన రక్షణ గోడను చూడాలనిపించింది. గోడకు ఇవతల ఇల్లు ఇల్లు ఒరుసుకునే సందులు. ఒక గుమ్మం ముందు కూర్చున్న మామ్మను మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటారని అడిగాను. "మధ్యాహ్నం ఎక్కడా కూర్చోలేమమ్మా. పొద్దువాలాక గోడ నీడ ఇటు పడుతుంది, అప్పుడు మంచాలు వాల్చుకుంటాం" అంది. వరద కోసం కట్టిన గోడను నీడ కోసం కూడా వాడుకుంటున్నారు.

అక్కడి నుంచి ఆటోలో గుణదల కొండకు వెళ్లాను. చిన్నప్పటి స్నేహితురాలి ఇల్లు పైన ఉంది. మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేశాయి. సగం దూరంలో, మెట్లు మలుపు తిరిగే చోట ఒక వేప చెట్టు కనిపించింది. దాని మొదట్లో రాళ్లు పేర్చి అరుగులా చేశారు. ఆ అరుగు మీద ఇద్దరు పిల్లలు గవ్వలాట ఆడుతున్నారు, ఒకావిడ పూలు కడుతోంది, నీళ్ల బిందెలు దించి ఇద్దరు ఆయాసం తీర్చుకుంటున్నారు. మొత్తం కలిపి ఒక గదంత చోటు కూడా లేదు. ఆ కొండకు ఉన్న పార్కు అదే అనిపించింది.

"ఎవరు పెంచారు?" అన్నాను.

"అందరమూనూ. కుళాయి నీళ్లు మాకే చాలవు, చెట్టుకు ఎక్కడివి? బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు తెచ్చి పోశాం" అంది పూలు కట్టే ఆవిడ. ఆ చెట్టు ఇంతై నిలబడటానికి ఎన్ని ఇళ్ల బియ్యపు కడుగు పట్టిందో!

మధ్యాహ్నానికి సింగ్‌నగర్ చేరాను. అదే 2024లో బుడమేరు వాగు పొంగి వచ్చిన వరదలో అక్క ఇంట్లో నీళ్లు నిలిచిన ఎత్తు గోడ మీద గోధుమరంగు చారగా ఇంకా కనబడుతూనే ఉంది. భోజనం కాగానే పార్కు చూద్దామన్నాను. అక్క గొడుగు తీసుకుంది. మూడో సందు చివర గేటు, దానికి తాళం. లోపల ఊయల గొలుసులు తుప్పు పట్టాయి, గడ్డి బూడిదై పోయింది. శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. కట్టిన కొత్తలో పిల్లలతో కిటకిటలాడేదట. మొదటి ఎండాకాలంలోనే మోటారు కాలింది. బాగు చేయించడానికి డబ్బు లేదు, చూసుకునే మనిషికి జీతం లేదు. పాడవుతుందని తాళం వేశారు. వరద వచ్చి బతికిన మొక్కల్లో సగం తీసుకుపోయింది. తాళంచెవి ఇప్పుడు అక్క వాళ్ల పొదుపు సంఘం దగ్గర ఉంది. వారానికోసారి వాళ్లే ఊడుస్తారు. నాకు చాలా బాధేసింది. తాళం వేసిన ఊయలను పిల్లలు గేటు ఊచల్లోంచి చూస్తుండటం మామూలు విషయం కాదు.

సాయంత్రం అక్క వాళ్ల వీధిలో పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన దగ్గర కూర్చున్నాం. అక్క ఆయనను బాబాయిగారూ అంటుంది. ప్రభుత్వాలు పార్కులకు డబ్బే ఇవ్వవా అని కొంచెం కోపంగానే అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. పట్టణాల సదుపాయాలకు కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకం నియమాల్లో రాష్ట్ర వార్షిక ప్రణాళికలోంచి రెండున్నర శాతం దాకా పార్కులకు ఖర్చు పెట్టే వీలుండేది. నిర్వహణలో స్థానికులను కలుపుకోవాలని కూడా అందులోనే ఉండేది. ఊళ్లలో చెట్లతోటలు పెంచడానికి 2020లో వచ్చిన నగర వనం పథకంలో హెక్టారుకు 4 లక్షలు ఇస్తారు. కానీ అందులో చిన్నదైన నగర వాటికకు కూడా కనీసం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు కావాలి.

"రెండున్నర ఎకరాలు కొండ మీద ఎక్కడ తెస్తారు, కాలువ గట్టు మీద ఎక్కడ తెస్తారు?" అన్నాను.

"అక్కడే ఉంది చిక్కు. లేఅవుట్ వేసేవాడు 10 శాతం స్థలం ఖాళీగా వదలాలి. కాలనీ పార్కులన్నీ అలా వచ్చినవే. కొండకు ఎవరు లేఅవుట్ వేశారమ్మా? స్థలం ఉన్నవాడికే పార్కు, పార్కు ఉన్నవాడికే నిధి."

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. హైదరాబాద్‌లో మా కాలనీ పార్కు గుర్తొచ్చింది. నెలనెలా ఇంటికింత వేసుకుని తోటమాలికి జీతం ఇస్తాం, నీళ్ల కరెంటు బిల్లు కడతాం. ఇవ్వగలం కాబట్టి మా గడ్డి పచ్చగా ఉంది. ఇక్కడ రేకుల ఇళ్లలో ఉండేవాళ్లకు మా కంటే నీడ ఎక్కువ అవసరం, ఇంటింటికీ వేసుకునే శక్తి తక్కువ. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసేటప్పుడు వదలని ఖాళీ స్థలానికి బదులుగా రుసుము వసూలు చేస్తారు కదా, ఆ సొమ్ములో కొంతైనా అసలు లేఅవుటే ఎరుగని పేటలకు చేరితే ఎంత బాగుంటుంది! మెట్ల మలుపును, గట్టు వార నాలుగు సెంట్లను కూడా పార్కు లెక్కలో రాసుకోవాలి. ఆ వేప చెట్టు కింద అరుగుకు ఏ పద్దులోనూ చోటు లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల సంగతి కూడా బాబాయిగారే చెప్పారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. మురికివాడల అభివృద్ధి, పర్యావరణం ఆ జాబితాలో ఉన్నాయి. ఒక పనిని మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా కొనసాగించే వీలూ ఉంది. మొక్క చెట్టై సొంత కాళ్ల మీద నిలబడటానికి దాదాపు అంత కాలమే పడుతుంది. మా అబ్బాయి పనిచేసే కంపెనీని అడిగి చూస్తానని ఆయనకు మాట ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే రైవస్ కాలువ గట్టుకు వెళ్లాం. నాన్న నాటినవి ఇవేనని నేను చెప్పలేను. అయినా గట్టు మీద రెండు ముసలి కానుగలు ఉన్నాయి. ఒకదాని కింద ఇస్త్రీ బండి, ఇంకోదాని కింద నిద్రపోతున్న రిక్షా మనిషి. అక్కడ బల్ల లేదు, పేరు లేదు.

"అక్కా, బల్లలు వద్దు" అన్నాను.

ఇంటికి వచ్చాక అక్క క్యాలెండరు వెనక లెక్క వేసింది. మోటారు రీవైండింగుకు, పైపుకు 12 వేలు. మిగిలిన 48 వేలు నెలకు 4 వేల చొప్పున వచ్చే రోహిణి కార్తె దాకా సరిపోతాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు గేటు తెరిచి, నీళ్లు పెట్టి, పిల్లలను కనిపెట్టుకునే పనికి సంఘంలో భర్త పోయిన ఒకావిడను అందరూ ఒప్పుకున్నారు. ఆవిడ సంతకం పెడుతూ, "జీతమేనా అమ్మా, లేక గౌరవ వేతనమా?" అని అడిగింది. జీతమే అన్నాను.

నాలుగింటికి మోటారు బాగై వచ్చింది. ఆవిడ గొట్టం కొసను గోడ వార మిగిలిన ఒక్క కానుగ పాదులో పెట్టింది. పాదు నిండింది, ఇంకిపోయింది. మళ్లీ నిండింది, మళ్లీ ఇంకింది. ఊయల గొలుసులకు అక్క నూనె పెడుతోంది, పిల్లలు ఇంకా కాలేదా అని తొందరపెడుతున్నారు. మూడోసారి పాదులో నీళ్లు నిలిచాయి.